ఎగ్జిమా ఉన్న బిడ్డకు ఏమి వండి పెట్టవలెను?

ఏడాది బిడ్డ చెక్కిళ్లు ఎర్రబడి, పొక్కి, నీరు కారుచున్నవి. మోచేతి మడతలయందును, మోకాళ్ల వెనుకను చర్మము గరుకెక్కినది. రాత్రియంతయు బిడ్డ గోకుకొనుచు ఏడ్చుచున్నది. ఇంటిలోని పెద్దలు తల్లిని మొట్టమొదట అడుగు ప్రశ్న యొక్కటే: "ఏమి పెట్టినావే పిల్లకు?"

ఆ ప్రశ్నతో పథ్యము మొదలగును. ముందుగా కోడిగ్రుడ్డు మానిపింతురు. తరువాత వంకాయ, గోంగూర, చేప. ఆ పిమ్మట పప్పు, పాలు, వేరుశనగ. కడకు బిడ్డ పళ్లెములో మిగులునది చారన్నము మాత్రమే. కొన్ని మాసములు గడచిన పిదప చూచినచో దురద పూర్వమువలెనే యుండును. బిడ్డ బరువు మాత్రము తగ్గియుండును. ఒక బాధ యున్నచోట రెండు బాధలు చేరినవన్నమాట.

ఎగ్జిమా గలవారి ఆహారమును గూర్చి వైద్యశాస్త్రము నేడు చెప్పుచున్నది గృహిణులకు ఎంతో ఊరట గలిగించునట్టిది. ఈ వ్యాధి గల పిల్లలలో చాలమందికి ఏ పథ్యమును అక్కరలేదు. కొందరికి మాత్రము ఒకటి రెండు పదార్థములు నిజముగా పడవు. ఆ కొందరెవరో, ఆ పదార్థములేవో పరీక్షించి తెలిసికొనవలెను గాని, అనుమానముతో అన్నిటిని మానిపించరాదు.

వ్యాధిని గుర్తించుట

దురద పుట్టించు ప్రతి చర్మవ్యాధికిని గజ్జి యనియో, తామర యనియో పేరు పెట్టుట మన పల్లెలలో వాడుక. కాని వీనిని వేరువేరుగా గుర్తింపవలెను. ఏలయన ఒకదానికి చేయు చికిత్స మరియొకదానికి పనికిరాదు.

గజ్జి కంటికి ఆనని పురుగు వలన కలుగును. వ్రేళ్ల సందులలోను, మణికట్టుమీదను, నడుము చుట్టును పొక్కులు లేచును. రాత్రివేళ దురద హెచ్చగును. ఇంటిలో ఒకరికి వచ్చినచో తక్కినవారికిని అంటును. తామర బూజు జాతి సూక్ష్మజీవి వలన కలుగును. అంచు ఎర్రగా లేచి, నడుమ చర్మము తేటపడి, వలయమువలె వ్యాపించును. ఇదియు అంటువ్యాధియే.

ఎగ్జిమా అంటువ్యాధి కాదు. ఆ బిడ్డను ఇతర పిల్లలతో ఆడుకొననీయవచ్చును; అంగన్‌వాడీలో అందరి సరసను కూర్చుండబెట్టి భోజనము పెట్టవచ్చును. పళ్లెము వేరుచేయ నవసరము లేదు. ఈ వ్యాధి తరచుగా శైశవములోనే చెక్కిళ్లపై ఆరంభమై, బిడ్డ పెరిగిన కొలది మోచేతి, మోకాటి మడతలకు చేరును. తల్లిదండ్రులకుగాని, తోబుట్టువులకుగాని ఉబ్బసమో, విడువని తుమ్ములు జలుబో ఉన్న కుటుంబములలో ఇది హెచ్చుగా కనబడును.

దీనికి మూలమేమి? మన చర్మము ఇటుకలు పేర్చి, సున్నముతో అతికిన గోడ వంటిది. ఈ బిడ్డల చర్మములో ఆ అతుకు బలహీనముగా నుండును. లోపలి తేమ బయటికి పోవును. బయటి ధూళి, సబ్బు, చెమట, సూక్ష్మజీవులు లోనికి చొరబడును. అందువలన చర్మము ఎండి, వాచి, దురద పెట్టును. చర్మమునకు బిగువు నిచ్చు 'ఫిలాగ్రిన్' అను మాంసకృత్తునకు సంబంధించిన జన్యువులోని లోపము ఈ వ్యాధికి ఒక ముఖ్యకారణమని స్కాట్లండులోని డండీ విశ్వవిద్యాలయమునకు చెందిన శాస్త్రజ్ఞులు 2006లో వెల్లడించిరి. కనుక తల్లి పెట్టిన ముద్ద వలన ఈ వ్యాధి పుట్టలేదు. ఈ మాటను తల్లికంటె ముందు అత్తమామలును, ఇరుగుపొరుగువారును తెలిసికొనుట మేలు.

ఆహారమునకు గల సంబంధము

అట్లని ఆహారమునకును ఎగ్జిమాకును ఏ సంబంధమును లేదనరాదు. వ్యాధి ఒక మోస్తరుగానో, తీవ్రముగానో ఉన్న చిన్నపిల్లలలో సుమారు మూడవ వంతు మందికి ఏదో ఒక ఆహారపదార్థము పడకపోవచ్చునని వైద్యులు చెప్పుదురు. వ్యాధి స్వల్పముగా ఉన్నవారిలో ఇది తక్కువ. పెద్దవారిలో మరియు అరుదు. సాధారణముగా పడనివి కోడిగ్రుడ్డు, పాలు, వేరుశనగ, గోధుమ, సోయా, జీడిపప్పు వంటి గింజలు, చేపలు, రొయ్యలు. మన పెద్దలు మొదట మానిపించు వంకాయ, గోంగూర ఈ వరుసలో లేవు.

కంద, చేమ తిన్నప్పుడు గొంతు దురద పెట్టుటను చూచి, అవి ఎగ్జిమాను పెంచునని పలువురు తలంతురు. ఆ దుంపలలో సూదులవంటి సన్నని స్ఫటికములు గలవు. అవి గ్రుచ్చుకొనుట వలన నోరు, గొంతు, కోసినవారి చేతులు దురద పెట్టును. చింతపండు రసముతో బాగుగా ఉడికించినచో ఆ బాధ చాల వరకు తగ్గునని మన గృహిణు లెరుగుదురు. అది దుంప స్వభావము. ఎగ్జిమా లక్షణము కాదు.

పులుపు, కారము గల పదార్థములు, టమాటా రసము, పుల్లని పండ్లు పెదవుల చుట్టునున్న పగిలిన చర్మమునకు తగిలి మంట పుట్టించును. అచ్చట ఎర్రదనము కనబడగానే ఆ పదార్థము పడలేదని తలచరాదు. భోజనమునకు ముందు బిడ్డ నోటి చుట్టు పలుచగా వాసెలిన్ రాసి, తినిన వెంటనే తడిబట్టతో మెల్లగా అద్ది తుడిచినచో సరిపోవును.

ఎగ్జిమా గలవా రందరికిని గ్రుడ్డు, పాలు మానిపించిన ప్రయోజన ముండునా యని జరిగిన పరిశోధనల నన్నిటిని 2008లో ఒకచోట చేర్చి పరిశీలించిరి. పరీక్షింపకయే అందరిచేతను మానిపించుట వలన మేలు కలుగునని చెప్పుటకు ఆధారము దొరకలేదు. ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ నూనె మాత్రలను గూర్చియు 2013లో ఇట్టి పరిశీలనయే జరిగినది; మందులేని ఉత్తుత్తి మాత్రలకంటె అవి హెచ్చు మేలు చేయలేదు. వానిపై పెట్టు సొమ్ముతో బిడ్డకు గ్రుడ్లు, పప్పు కొనుట మంచిది.

అనవసరపు పథ్యము వలన కీడు

పథ్యము వలన మేలు లేకున్నను కీడేమని కొందరడుగవచ్చును. కీడు రెండు విధములు.

మొదటిది పోషణ లోపము. దురద వలన నిద్రలేని బిడ్డకు, పగిలిన చర్మము నిత్యము మరమ్మతు చేసికొనవలసిన బిడ్డకు మాంసకృత్తులు, ఇనుము, సున్నము సమృద్ధిగా కావలెను. పాలు, గ్రుడ్డు, పప్పు ఒకేసారి మానిపించినచో అవి యెచ్చటినుండి వచ్చును?

రెండవది ఇంకను ప్రమాదకరమైనది. ఎగ్జిమా గల బిడ్డ ఒక పదార్థమును అలవాటుగా తినుచున్నంతకాలము శరీరము దానిని సహించుచుండును. దానిని చాల కాలము మానిపించి తిరిగి పెట్టినప్పుడు, కొందరు పిల్లలకు ఒడలెల్ల దద్దుర్లు లేచి, ఊపిరాడని స్థితి కలిగిన సందర్భములు వైద్యగ్రంథములకెక్కినవి.

ఈ సందర్భమున లండను నగరములో జరిగిన ఒక పరిశోధన తెలిసికొనదగినది. తీవ్రమైన ఎగ్జిమాగాని, గ్రుడ్డు పడకపోవుటగాని గల 640 మంది పసిపిల్లలను రెండు భాగములు చేసిరి. ఒక భాగమువారికి మొదటి ఏటినుండియే వేరుశనగ గల ఆహారమును క్రమముగా పెట్టిరి. రెండవ భాగమువారికి అయిదేండ్లు వచ్చువరకు బొత్తిగా పెట్టలేదు. ఫలితములు 2015లో వెలువడినవి. వేరుశనగ మానిన పిల్లలలో నూటికి సుమారు 17 మందికి అది పడని స్థితి యేర్పడగా, తినిన పిల్లలలో నూటికి సుమారు 3 మందికి మాత్రమే ఏర్పడినది. భయపడి దాచి పెట్టిన పదార్థమే శత్రువైనది.

దీనికి కారణమును శాస్త్రజ్ఞులు ఇట్లు చెప్పుచున్నారు. నోటిద్వారా కడుపులోనికి పోయిన ఆహారమును శరీరము బంధువుగా స్వీకరించును. అదే ఆహారము పగిలిన చర్మముగుండ లోనికి చొరబడినచో దొంగగా తలచి ఎదిరించును.

ఈ సంగతిలో మన ఇండ్లకు నేరుగా సంబంధించిన పాఠమొకటి గలదు. పసిబిడ్డకు శనగపిండితోనో, పెసరపిండితోనో నలుగు పెట్టి రుద్దుట మన ఆచారము. ఆరోగ్యమైన చర్మముపై దాని మాట యెట్లున్నను, ఎగ్జిమాతో పగిలిన చర్మముపై ఏ పిండిని రుద్దరాదు. ఆ రాపిడి చర్మమును ఇంకను చీల్చును. పిండిలోని మాంసకృత్తులు ఆ చీలికలగుండ లోనికి పోవును. పచ్చిపాలు, మీగడ పూయుటయు, వేరుశనగ నూనె మర్దనయు ఇట్టివే. తినదగినవానిని తినిపింపవలెను, పుండుపై పూయరాదు. గ్రుడ్డో, పల్లీలో ముట్టిన చేతులను కడుగకుండ బిడ్డ చర్మమును తాకరాదు.

అనుమానమును పరీక్షించు విధము

ఒక పదార్థము పడలేదని అనుమానము కలిగినచో ముందుగా రెండు వారములపాటు నోటుపుస్తకములో నాలుగు విషయములు వ్రాయుడు: ఏమి తినినది, ఎన్ని గంటలకు, దురద ఎట్లున్నది, ఆ దినమున మరేమి మార్పు జరిగినది. క్రొత్త సబ్బు, చలిగాలి, చెమట, జ్వరము, మందు రాయుట మరచుట ఇవన్నియు దురదను పెంచునవే. చదువురాని తల్లియైనచో ఆశా కార్యకర్తగాని, బడికి పోవు పెద్దపిల్లగాని వ్రాసిపెట్టవచ్చును. ఈ పుస్తకమే వైద్యునికి ఉత్తమ సాక్ష్యము.

తినిన కొద్ది నిమిషములు మొదలు రెండు గంటల లోపల దద్దుర్లు లేచినను, పెదవులు వాచినను, వాంతులైనను ఆ పదార్థమును వెంటనే మాని వైద్యునికి చూపవలెను. దానిని ఇంటిలో తిరిగి పెట్టి చూడరాదు.

అట్టి లక్షణములు లేక, ఒకటి రెండు దినములకు దురద మాత్రమే హెచ్చుచున్నచో, వైద్యుని సలహాపై ఆ ఒక్క పదార్థమును రెండు మొదలు నాలుగు వారములు మానవచ్చును. ఆ కాలమున చర్మసంరక్షణ యథాప్రకారము సాగవలెను. గుణము కనబడకున్నచో తిరిగి పెట్టవలెను. గుణము కనబడినను, వైద్యుని ఎరుకతో తిరిగి పెట్టి చూడవలెను. పెట్టినప్పుడు హెచ్చి, మానినప్పుడు తగ్గినచో మాత్రమే అది నిజముగా పడనిదని తెలియును. రెండు పదార్థములను ఒకేసారి మానిపించినచో దోషము దేనిదో తేలదు.

రక్తపరీక్ష, చర్మపరీక్ష ఉపయోగకరములే; కాని వానియందు ఒక పదార్థము పేరు కనబడిన మాత్రముననే అది పడదని నిశ్చయింపరాదు. ఎగ్జిమా పిల్లలలో పలువురు అట్టి పదార్థమును హాయిగా తిని అరిగించుకొందురు. పరీక్షను, భోజనపు పుస్తకమును కలిపి చూచి వైద్యుడు నిర్ణయించును.

వండిపెట్టవలసినవి

మొదటి ఆరు మాసములు తల్లిపాలే చాలును. బిడ్డకు ఎగ్జిమా యున్నదని బాలింత కడుపు మాడ్చుకొనరాదు. పప్పు, ఆకుకూరలు, పాలు, గ్రుడ్డు ఆమె యథావిధిగా తినవలెను.

ఆరు మాసములు నిండిన పిదప తల్లిపాలతోపాటు మెత్తని ఆహారము ఆరంభింపవలెను. పెసరపప్పు కలిపిన మెత్తని అన్నము, రాగి జావ, ఉడికించి మెదిపిన గుమ్మడి, కారెట్టు, అరటిపండు ఇందుకు తగినవి. క్రొత్త పదార్థములను ఒక్కొక్కటిగా, రెండు మూడు దినముల ఎడముతో, పగటివేళ పెట్టినచో ఏది పడినదో, ఏది పడలేదో తెలియును. గ్రుడ్డును గట్టిగా ఉడికించి, పావుచెంచాడు మెదిపి మొదలిడవలెను. వేయించిన పల్లీలను మెత్తగా దంచి, ఆ పొడిని జావలో కలుపవలెను. అయిదేండ్ల లోపు పిల్లలకు పల్లీ గింజలను అట్లే ఇచ్చినచో గొంతున పడు ప్రమాదము గలదు. ఎగ్జిమా తీవ్రముగా ఉన్న శిశువునకు గ్రుడ్డు, వేరుశనగ మొదటిసారి పెట్టుటకు ముందు వైద్యుని అడిగి తీరవలెను. అడుగుటలో ఆలస్యము చేయరాదు.

మూడేండ్ల బిడ్డకు ఒక దినపు భోజనము ఇట్లుండవచ్చును. ఉదయము పాలు, బెల్లము కలిపిన రాగి జావ, లేక ఇడ్లీలు రెండు. కొంత తడవునకు ఉడికించిన గ్రుడ్డొకటి. మధ్యాహ్నము మునగాకో, తోటకూరయో వేసిన పప్పు, అన్నము, చెంచాడు నెయ్యి, పెరుగు. సాయంకాలము జామపండో, అరటిపండో, దానితో చిన్న నువ్వుల ఉండయో, పల్లీపొడి కలిపిన అటుకులో. రాత్రి పప్పులో నానవేసి మెదిపిన జొన్నరొట్టె, లేదా కూరన్నము. మాంసము తినువారు వారమున ఒకటి రెండుమార్లు చేప పెట్టవచ్చును. కారము తగ్గించి వండినచో పెదవుల మంట యుండదు.

పరీక్షించి, పాలు పడవని వైద్యుడు నిశ్చయించిన బిడ్డకు వాని స్థానమును పూరించుట ముఖ్యము. ఆవుపాలు పడనివారిలో చాలమందికి మేకపాలును, గేదెపాలును పడవు. వానిని మార్చి చూచుట వలన ప్రయోజనము లేదు. పెరుగు, మజ్జిగ కూడ పాలే యని మరువరాదు. ఏడాది లోపు శిశువునకు తల్లిపాలు కొనసాగింపవలెను. అవి చాలనిచో ఏ పాలు పట్టవలెనో వైద్యుడే చెప్పవలెను. పెద్ద బిడ్డకు సున్నము కొరకు రాగులు శ్రేష్ఠము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము 100 గ్రాముల రాగులలో 350 మిల్లీగ్రాములకు పైబడి సున్నము గలదు. నువ్వులు, మునగాకు, తోటకూర కూడ మంచివి. అంగన్‌వాడీలో ఇచ్చు బాలామృతము వంటి పిండ్లలో పాలపొడి, గోధుమ కలియును గనుక ఆ సంగతి కార్యకర్తకు ముందుగా తెలుపవలెను.

గ్రుడ్డు పడని బిడ్డకు దానికి బదులుగా పప్పు, పెరుగు, చేప హెచ్చుగా పెట్టవచ్చును. పిల్లలలో పలువురికి వయసుతోపాటు పాలు, గ్రుడ్డు మరల సరిపడును. కావున ఏటేట వైద్యునికి చూపి, పథ్యము ఇంకను అవసరమా యని అడుగవలెను. ఒకసారి విధించిన పథ్యము జీవితాంతము సాగరాదు.

వంట చేయు చేతులు

ఎగ్జిమా బిడ్డలకే గాదు, వంట చేయు తల్లులకును వచ్చును. దినమునకు పలుమార్లు చేతులు నీటిలో నానుట, అంట్లపొడి, పచ్చిమిరప, చింతపండు పులుసు వ్రేళ్ల చర్మమును కొరికివేయును. వెల్లుల్లి వలుచునప్పుడు రెబ్బను పట్టుకొను ఎడమచేతి బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు కొనలు మాత్రమే పగిలినచో వెల్లుల్లియే కారణమని అనుమానింపవచ్చును. దానిలోని ఘాటైన పదార్థము పలుచని రబ్బరు తొడుగును కూడ దాటిపోగలదు. కావున ఆ పనిని కొంతకాలము ఇంటిలో వేరొకరికి అప్పగించుట ఉత్తమము. వండిన వెల్లుల్లిని తినుటకు ఆమెకు సాధారణముగా అడ్డు లేదు.

అంట్లు తోమునప్పుడు లోపల నూలు తొడుగులు, పైన రబ్బరు తొడుగులు ధరింపవలెను. ఉంగరములు తీసివేయవలెను, వాని క్రింద సబ్బు నిలిచియుండును. పని ముగియగానే చేతులు మంచినీటితో కడిగి, తుడిచి, కొబ్బరినూనెగాని, వాసెలిన్‌గాని రాసికొనవలెను. కంద, చేమ కోయుట మానవలెను. చేతులు మానువరకు భర్తయో, పెద్దపిల్లలో అంట్లు తోముట సిగ్గుపడవలసిన పని కాదు.

చర్మసంరక్షణయే ప్రధానము

ఎంత చక్కని భోజనమైనను చర్మసంరక్షణ లేనిదే ఎగ్జిమా లొంగదు. దినమునకొకసారి గోరువెచ్చని నీటితో, పది నిమిషములకు మించకుండ స్నానము చేయింపవలెను. సబ్బు మితముగా వాడి, ఒడలు రుద్దక అద్ది తుడిచి, తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనెగాని, వాసెలిన్‌గాని ఒడలెల్ల రాయవలెను. దినమునకు రెండు మూడుమార్లు రాసినను తప్పులేదు. గోళ్లు కత్తిరించి, నూలుబట్టలు తొడుగవలెను. వైద్యుడు వ్రాసియిచ్చిన లేపనమును చెప్పిన మేరకు, చెప్పినన్ని దినములు వాడవలెను. దుకాణములో 'దురద మందు' అని అడిగి తెచ్చిన గొట్టములలో తీవ్రమైన స్టిరాయిడ్ మందులు కలిసియుండవచ్చును. అవి పసి చర్మమును పలుచన చేయును. తామరపై రాసినచో దానిని ముదురజేయును.

పుండ్లపై పసుపుపచ్చని పక్కు కట్టి చీము కారినను, జ్వరముతోపాటు చిన్నచిన్న నీటిపొక్కులు గుంపుగా లేచినను, అదే దినమున ఆసుపత్రికి కొనిపోవలెను. భోజనము పిమ్మట ఊపిరి ఆడక, నాలుక వాచి, బిడ్డ సోలిపోయినచో క్షణమాలస్యము చేయక 108కి ఫోను చేయవలెను.

ఇకముందు బిడ్డ చెక్కిళ్లు ఎర్రబడినప్పుడు "ఏమి పెట్టినావే?" యని తల్లిని గద్దించుటకు మారుగా, "నూనె రాసినావా? రాత్రి నిద్రపోయినదా? కడుపునిండ తినినదా?" యని పెద్దలు అడుగుదురుగాక. ఆ మూడు ప్రశ్నలలో బిడ్డ క్షేమ మున్నది.

మహిళాసంఘ సమావేశమున చర్చించుటకు ప్రశ్నలు

1. గజ్జి, తామర, ఎగ్జిమాలలో అంటువ్యాధి కానిదేది? దానిని ఎట్లు గుర్తింతురు?
2. మీ ఇంటిలో దురద వచ్చినప్పుడు మానిపించు పదార్థములేవి? వానిలో పరీక్షించి మానిపించినవెన్ని?
3. పగిలిన చర్మముపై నలుగుపిండి ఏల రుద్దరాదు?
4. పాలు పడని బిడ్డకు సున్నము లభించునట్లు మీ ఊరిలో దొరకు పదార్థములతో ఒక దినపు భోజనమును వ్రాయుడు.